నీళ్ల నడుమ నిలిచే బొమ్మ

గాలానికి ఎరగా కట్టేందుకు రఘుపతి పోసిన మొదటి బొమ్మచేప నీళ్లలో వేయగానే వెల్లకిలా పడుకుంది. రెండోది పక్కకు ఒరిగింది. మూడోది తిరుమల బట్టలు నానబెట్టిన టబ్బులో అడుగుకు పోయి, సబ్బునురగ కింద ఎక్కడ పడిందో తెలియక, చివరికి ఆమె చీరకొంగుకు గాలం తగులుకుంటే గాని దొరకలేదు. ఆ రోజు తిరుమల మొగుణ్ణి తిట్టిన తిట్లు కాలనీలో నాలుగు క్వార్టర్ల అవతలికి వినిపించాయి.

"యాభై ఏండ్లు దాటినయ్. పోరగాండ్లు ఆడుకునే బొమ్మలు పోసుకుంట కూసున్నవ్. ఎవలన్న ఇంటె నవ్వుతరు!"

నవ్వేవాళ్లు నవ్వారు గాని రఘుపతి వదల్లేదు. గోదావరిఖని వర్క్‌షాపులో ఫిట్టర్ పని చేసి చేసి, బిగుసుకున్న బోల్టును వదిలేయడం అతనికి చేతకాకుండా పోయింది. పైగా ముప్పై ఏళ్ల నౌకరీలో "ఫిట్టర్‌ను పిలువుండ్రి" అన్నవాళ్లే గాని పేరు పెట్టి పిలిచిన సారు ఒక్కడు లేడు. ఎంత మంచిగా పని చేసినా అది మిషన్ మంచితనం కిందికే పోయేది. ఈ బొమ్మలు అట్లా కాదు. ఇవి తనవి.

బొమ్మ పోయడం బ్రహ్మవిద్యేం కాదు. రబ్బరు అచ్చులో రెజిన్, దాన్ని గట్టిపరిచే మందు కలిపి పోస్తే పూటలో గట్టిపడుతుంది. చిక్కంతా బరువుతోనే. ఉత్త రెజిన్ నీళ్లలో మునుగుతుంది. తేలిక చేసే తెల్లపొడి కలిపితే తేలుతుంది గాని తాగినవాడిలా ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు కడుపు తొలిచి, వలల అంచుకు కట్టే సన్నటి సీసపు గుండ్లు లోపల పెట్టి, మళ్లీ రెజిన్‌తో మూసేయాలి. సీసం ముందుకు జరిగితే బొమ్మ ముక్కు మీద పడుతుంది, వెనక్కి జరిగితే తోక ఈడుస్తుంది. సరైన చోట పడిందంటే మాత్రం, దారం లాగుతుంటే నడుము తిప్పుకుంటూ ప్రాణమున్న చేపలాగే వస్తుంది. ఆ చోటు ఎక్కడో క్రమంగా రఘుపతి వేళ్లకు తెలిసిపోయింది. ఏడాది తిరిగేసరికి శ్రీరాంపూర్ నుంచి, మంచిర్యాల నుంచి గాలాలవాళ్లు వచ్చి "రఘన్న చేప ఉన్నదా?" అని అడగసాగారు. రఘన్న! ఆ పిలుపు చెవిన పడిన మర్నాడు అయ్యగారు షిఫ్టుకు కూడా తలకు నూనె రాసి, దువ్వుకుని మరీ వెళ్లారు.

నిజానికి చేపలంటే అతనికి కొత్తేం కాదు. తండ్రి గోదావరిలో వల విసిరి బతికినవాడే. బొగ్గుబాయిలో పని దొరికాక ఆ వల అటకెక్కింది. తిరుమల పుట్టిల్లూ చేపల ఇల్లే. ఆమె అక్కను చేసుకున్న బిక్షం ఇప్పటికీ నది అవతల, జైపూర్ దిక్కు ఊళ్లో వలనే నమ్ముకుని ఉన్నాడు. ఆ ఊరి పక్కన బొగ్గు తీసి వదిలేసిన పెద్ద గుంత ఒకటుంది. ఏళ్ల తరబడి వాననీళ్లు నిండి, గట్టు పొడుగునా తుంగ మొలిచి, ఇప్పుడది చెరువులాగే కనిపిస్తుంది. ఊరి చేపల సంఘం అందులో చేపపిల్లలను వదిలి పెంచుకుంటుంది. సంఘానికి పెద్ద బిక్షమే. బయటివాళ్లెవరూ అక్కడ గాలం వేయడానికి లేదు, ఒక్క రఘుపతి తప్ప. ఎందుకంటే బిక్షం సంఘం ముందు నిలబడి, "మా తమ్ముడు. ఆని జిమ్మ నాది, ఏమన్నయితె నన్నడుగుండ్రి" అన్నాడు. బిక్షం మాటకు ఎదురు మాట్లాడినవాళ్లు ఆ ఊళ్లో లేరు.

ఆ గుంతకు రాతకోతలు లేని కట్టడి ఒకటుంది. వానలు మొదలయ్యాక కొర్రమట్టలు, అంటే కొరమీను చేపలు, పిల్లలు పెడతాయి. ఆ పిల్లలు, గుప్పెడు కుంకుమ నీళ్ల మీద చల్లినట్టు, ఎర్రగా గుంపు కట్టి తిరుగుతుంటాయి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ రోజుల్లో అది ఎర ముట్టదు. వానపామును వేసినా, కప్పను వేసినా మొహం తిప్పుకుంటుంది. పిల్లల నడుమకు వచ్చినదాన్ని మాత్రం కొరికి తరుముతుంది. దాన్ని పట్టేశారా, పూట తిరగకముందే ఆ గుంపంతా మిగతా చేపల కడుపులోకి పోతుంది. అందుకని గుంపు కనబడిన చోటల్లా బిక్షం గట్టున కట్టె పాతి ఎర్రగుడ్డ కడతాడు. ఆ గుడ్డ చూసినవాడు వల భుజాన వేసుకుని అవతలికి జరుగుతాడు. దసరా వెళ్లి, సంఘమంతా కలిసి దిగే మొదటి వల పడేదాకా అంతే. రఘుపతికి ఈ కట్టడి ఎవరూ చెప్పనక్కర్లేదు. తండ్రి చెయ్యి పట్టుకుని నడిచిన నాటి నుంచే తెలుసు.

బొగ్గుబాయిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్ జగదీశ్వర్‌కు ఆ కట్టడి తెలియదు. తెలిసినా పట్టించుకునే రకం కాదనుకోండి. సెలవురోజున గాలాలు పట్టుకుని తిరిగే గుంపుకు అతనే పెద్ద. విదేశాల నుంచి తెప్పించుకున్న బొమ్మల డబ్బా చంకలో లేనిదే ఇల్లు కదలడు. ఆషాఢంలో ఒకనాడు క్యాంటీన్‌లో అందరి ముందూ ఆ డబ్బా తెరిచాడు.

"గిది జూడు రఘన్న. నీళ్ల మీద తేలదు, అడుగుకు పోదు. నడిమిట్ల ఆగుతది. మిషన్ మీద తయారైన మాల్ ఇది. చేతితోని అయ్యే ముచ్చట గాదు."

"ఎందుకు గాదు సార్?" అన్నాడు రఘుపతి.

"గంత సన్న బరువు మన చేతికెట్ల దొరుకుతది? నీయి గుడ మంచిగనే ఉంటయ్ తియ్యి. పిల్లగాండ్లు నేర్చుకుంటందుకు పనికొస్తయ్."

చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. తిరుమల తిట్లు ఏడాదిపాటు తగలని చోట ఆ నవ్వు తగిలింది. రఘుపతి సగం చాయ్ వదిలేసి లేచాడు.

ఆ తర్వాత ఇంట్లో అన్నం వాసన కన్నా రెజిన్ వాసనే ఎక్కువైంది. డ్యూటీ నుంచి రావడం, బకెట్ ముందు కూర్చోవడం. గుండు ఎక్కువైతే బొమ్మ మెల్లగా దిగిపోతుంది, తక్కువైతే మెల్లగా పైకి వస్తుంది. తొలవడం, తీయడం, ఆకురాయి మీద సీసాన్ని అరగదీయడం, మళ్లీ మూసి ఆరబెట్టడం. చివరికి ఒక మధ్యాహ్నం బొమ్మ బకెట్ నడుమకు దిగి, అక్కడే ఆగిపోయింది. పైకి రాలేదు, కిందికి పోలేదు. తిరుమల కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది.

"ఓ యవ్వ! ఊపిరి బిగవట్టినట్టు నిలవడ్డది గదనే!" అన్నది. అది ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మెప్పు.

దానికి రంగు వేయడమే మిగిలింది. రఘుపతి దాన్ని చిన్న జెల్లచేపలా వేశాడు. కొర్రమట్ట పిల్లల్ని ఎగబడి తినేది జెల్లే. ఆ రంగే ఎందుకు వేశావని ఎవరైనా అడిగి ఉంటే, బాగుంటుందని వేశానని చెప్పి ఉండేవాడు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ అబద్ధం తనకు తానే చెప్పుకున్నాడు.

ఆదివారం బిక్షం మంచిర్యాల అంగడికి పోతాడని రఘుపతికి తెలుసు. సరిగ్గా ఆ ఆదివారమే జగదీశ్వర్‌ను బండి మీద ఎక్కించుకుని గుంత దగ్గరికి తీసుకెళ్లాడు. గట్టు మీద ఎవరూ లేరు. తుంగ పక్కన ఎర్రగుడ్డ గాలికి ఆడుతోంది. దాని ముందు నీళ్ల మీద ఎర్రటి గుంపు మెల్లగా తిరుగుతోంది.

"ఆ గుడ్డేంది?" అన్నాడు జగదీశ్వర్.

"ఏమో సార్, ఎవలో కట్టిండ్రు," అన్నాడు రఘుపతి.

రఘుపతి విసిరిన బొమ్మ ఎగిరి గుంపుకు కాస్త అవతల పడింది. దారం మెల్లగా లాగి, పిల్లల నడుమకు తెచ్చి ఆపాడు. తేలే బొమ్మయితే పైనే ఉండిపోయేది, మునిగేదయితే కిందికి జారిపోయేది. ఇది వాటి నడుమే నిలబడి, దారం కొద్దిగా కదిలిస్తే తోక ఆడించింది. పిల్లల్ని తినడానికి వచ్చిన జెల్ల ఎట్లా నిలబడుతుందో అట్లాగే. కింది నుంచి నల్లగా ఏదో లేచింది. నీళ్లు పగిలాయి. గాలం కర్ర విల్లులా వంగింది.

పెద్ద చేప. గట్టు మీద పడి కూడా అది నీళ్లలో ఉన్న పిల్లల వైపుకే తిరిగి కొట్టుకుంది. జగదీశ్వర్ గంతులేసి, రఘుపతిని వాటేసుకుని, ఫోన్‌లో ఫొటోలు దిగాడు. రఘుపతి మాత్రం నీళ్ల వైపు చూశాడు. గుంపు గట్టు దగ్గరికి వచ్చేసింది. వెతుక్కుంటున్నట్టు ఇటు తిరిగి, అటు తిరిగి, రెండుగా విడిపోయి మళ్లీ కలిసింది. అంతలో కింది నుంచి నీళ్లు ఉడికినట్టు కదిలాయి, గుంపులో ఒక మూల ఖాళీ అయింది. ఇంకోసారి కదిలాయి.

వదిలేద్దాం సార్ అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. చేప ఇంకా బతికే ఉంది. రెండడుగులు వేసి వదిలితే చాలు. అదే క్షణాన జగదీశ్వర్ అతని భుజం మీద చరిచాడు.

"ఒప్పుకున్న రఘన్న! మిషన్ నీ ముంగట బేకార్. ఇగ క్యాంటీన్ల నేనే జెప్త అందరికి."

నాలుక చివరి మాట లోపలికే పోయింది. చేప జగదీశ్వర్ సంచిలోకి పోయింది. బండి ఎక్కేటప్పుడు రఘుపతి వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సి వస్తుందనే భయంతో అద్దం కూడా పక్కకు తిప్పుకున్నాడు.

వారం తిరగకముందే బిక్షం క్వార్టర్‌కు వచ్చాడు. ఎప్పుడు వచ్చినా చేపలు తెచ్చేవాడు, ఆ రోజు వట్టి చేతులతో వచ్చాడు. తిరుమల "బావా, అక్క మంచిగున్నదా?" అని అడిగి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. బిక్షం మంచం మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"తుంగ కాడ ఎర్రగుడ్డ కట్టిన జూడు తమ్మి. ఆడ తల్లి లేదు. పిల్లలన్ని చెదిరిపోయినయ్, ఒక్కటి గుడ దక్కలె."

"అట్లనా," అన్నాడు రఘుపతి.

"వల పడ్డ జాడ లేదు. తుంగ ఒక్క పోచ ఇరగలె."

రఘుపతి గోడ గడియారం వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, తన వేళ్ల వైపు చూసుకున్నాడు. గోరు చివర జెల్ల రంగు ఇంకా పోలేదు. చెయ్యి లుంగీ మడతలోకి దూర్చాడు. బిక్షం ఆ చెయ్యిని చూశాడో లేదో తెలియదు. చాయ్ వచ్చింది. ఊదుకుంటూ తీరిగ్గా తాగాడు. తాగి, గ్లాసు కింద పెట్టాడు. ఆ తీరిక చెప్పమని అడగడమేనని రఘుపతికి అర్థం కాకపోలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఉగ్గబట్టుకుని, ఖాళీ గ్లాసు తీసి లోపల పెట్టి వచ్చాడు.

లేచి చెప్పులేసుకుంటూ బిక్షం అడిగాడు.

"తమ్మి, నాకు జెప్పేదేమన్న ఉన్నదా?"

"ఏం లేదన్న."

"మంచిది. పోయొస్త."

అంతే. ఆ "మంచిది" రఘుపతికి అన్నంలో, డ్యూటీలో, నిద్రలో అడ్డం పడసాగింది. క్యాంటీన్‌లో జగదీశ్వర్ అన్నట్టే అందరికీ చెప్పాడు; అందరూ వచ్చి భుజం తట్టారు. తట్టిన ప్రతిసారీ రఘుపతి సిగ్గుపడ్డాడు. కానీ, ఉన్నమాట చెప్పుకోవాలి గదా, భుజం తట్టడం మానేసిన రోజున అయ్యో మానేశారే అని కూడా అనిపించింది. దానికి ఇంకా సిగ్గుపడ్డాడు.

దసరా వెళ్లాక బిక్షం ఫోన్ చేశాడు. "ఎల్లుండి మొదటి వల. నువ్వు, తిరుమల జల్ది రావాలె." గొంతు ఎప్పటిలాగే ఉంది. రఘుపతి బొమ్మను చొక్కా జేబులో వేసుకుని బయలుదేరాడు. గోదావరి బ్రిడ్జి మీద బండి ఆపి దాన్ని నదిలో పారేయాలని అతని ఆలోచన. బండి ఆపాడు కూడా. జేబులోంచి తీసి, అరచేతిలో పెట్టుకుని, ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక నుంచి తిరుమల "ఏమైంది?" అంటే, "ఏం లేదు, టైరు జూసిన" అని మళ్లీ జేబులో వేసుకున్నాడు. అంత బాగా కుదిరిన పని మళ్లీ చేతికి వస్తుందో రాదో!

గుంత గట్టు మీద ఊరంతా ఉంది. గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మొదటి వల విసరడం పెద్దమనిషి హక్కు. బిక్షం విసిరిన వల గాలిలో విచ్చుకుంటుంటే చూడటానికే కొందరు వచ్చేవాళ్లు. ఈసారి వల భుజాన వేసుకుని నీళ్లలోకి దిగింది జైపాల్, సంఘంలో చురుకైన నడివయసు మనిషి. బిక్షం గట్టు మీద, నీళ్ల టబ్బు దగ్గర, ఆడవాళ్లతో కలిసి చేపలు ఏరడానికి కూర్చుని ఉన్నాడు.

రఘుపతి పక్కనే ఉన్న సమ్మవ్వను, బిక్షం తల్లిని, అడిగాడు.

"అవ్వా, అన్న దిగలేదేంది?"

"ఈ ఏడు ఆనికి వల ముట్టే హక్కు లేదు కొడుకా." ముసలామె కళ్లు ఒత్తుకుంది. "ఎర్రగుడ్డ కాడి కొర్రమట్టను ఆడే పట్టిండట. ఇంటికి సుట్టాలొస్తె కూరకు లేక పట్టిన అని సంఘంల ఆడే ఒప్పుకున్నడు. నా కడుపున వుట్టి గిట్ల జేస్తడని కలల గుడ అనుకోలె."

అంతలో జైపాల్ తడిబట్టలతో గట్టెక్కి, వలలో పడ్డవాటిని టబ్బులో పోసి, నేరుగా రఘుపతి దగ్గరికే వచ్చాడు.

"రఘన్న, మాఫ్ జెయ్యి. ఈ గట్టు ఎక్కే బయటోనివి నువ్వొక్కనివేనని మేమందరం నీ మీదనే అనుమానపడ్డం. సంఘంల నీ పేరు గుడ తీసినం. బిక్షం కాక లేచి, ఆని పేరు ఎత్తకుండ్రి, పట్టింది నేనే అన్నడు."

రఘుపతి బిక్షం వైపు చూశాడు. బిక్షం తలెత్తి, ఊకో అన్నట్టు కొద్దిగా చెయ్యి ఊపాడు. అప్పుడు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో. కానీ ఇన్నాళ్లూ గొంతులో అడ్డంపడ్డది ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. ఇది బయటపెడితే తప్ప తనకు అన్నం దిగదని, ఇప్పుడే, ఇక్కడే కడిగేసుకోవాలని అతనికి అనిపించింది.

"అన్న పట్టలె. పట్టింది నేను," అన్నాడు అందరికీ వినబడేలా.

గట్టు మీదున్న ఒక పెద్దాయన నవ్వాడు. "పిల్లలను కాసే కొర్రమట్ట గాలానికి పడుతదా? మా తాతల కాలం నుంచి సూడలె. అన్న ఇజ్జత్ కోసం మీదేసుకుంటున్నవా బిడ్డా!" సమ్మవ్వ అతని గడ్డం పట్టుకుంది. "సొంత తమ్ముడు గుడ గిట్ల నిలవడడు. నువ్వు సల్లగుండాలె కొడుకా." జైపాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరుమల గర్వంగా చూస్తోంది. ఆ చూపు మరీ భరించలేకపోయాడు.

"తమ్మి, ఊకో అంటున్న గద," అన్నాడు బిక్షం.

రఘుపతి వినలేదు. జేబులోంచి బొమ్మ తీసి, బిక్షం ముందున్న నీళ్ల టబ్బులో వేశాడు. జెల్ల రంగు బొమ్మ నడిమికి దిగి, బతికున్న చిన్నచేపల మధ్య నిలబడింది. చేపలు దాన్ని తప్పించుకుని పక్కలకు జరిగాయి. వంగి చూసినవాళ్లు వంగినట్టే ఉండిపోయారు. చేపల ఇళ్లలో పుట్టినవాళ్లకు అంతకన్నా విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. తిరుమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందుగా తేరుకున్నది సమ్మవ్వ. ఆమె రఘుపతిని ఏమీ అనలేదు. కొడుకు వైపు తిరిగింది.

"గంగమ్మ ముంగట అబద్ధం ఆడినవారా?"

బిక్షం తల దించుకున్నాడు. "ఆని జిమ్మ నాదన్న గద అవ్వా," అన్నాడు.

"జిమ్మ అంటె అబద్ధమాడుడా? రేపటి సంది సంఘంల నీ మాట ఎవలు నమ్మాలెరా?" ఎవరూ ఆమెను వారించలేదు. అప్పటిదాకా బిక్షాన్ని తప్పు చేసిన పెద్దమనిషిగా చూసినవాళ్లు ఇప్పుడు అబద్ధమాడిన మనిషిగా చూశారు. తప్పు ఒక్క ఏడాదితో తీరేది. ఇది తీరేది కాదు. తాను కడుక్కున్న మురికి ఎవరి మీద పడిందో రఘుపతికి అప్పుడు తెలిసింది. టబ్బు పక్కనే కూలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

అతని పక్కన ఇంకెవరో కూర్చున్నారు. జైపాల్. అతని చూపు మనుషుల మీద లేదు, టబ్బులోనే ఉంది. వేలితో బొమ్మను కిందికి నొక్కి వదిలాడు. అది వదిలిన చోటే నిలబడింది.

"అన్నా," అన్నాడు చిన్నగా, "సీసం కడుపు కిందనే పెట్టినవా?"

"కడుపు కింద గాదు," అన్నాడు రఘుపతి. "జరంత తోక దిక్కు. ముందటికి పెడితే ముక్కు మీద పడ్తది. రెండు గుండ్లు పెట్టి, మూడోదాన్ని ఆకురాయి మీద సగం అరగదియ్యాలె. అప్పుడే నడిమిట్ల ఆగుతది."

ఏడుపు లేని గొంతు. క్యాంటీన్‌లో మాట్లాడే గొంతు. మాట దాటిపోయాక గాని తాను ఏం చెబుతున్నాడో అతనికే తెలియలేదు. జైపాల్ తలూపుతున్నాడు. అతని వెనక మరో ఇద్దరు వంగి, ఒక్క ముక్క పోకుండా వింటున్నారు. రఘుపతి చటుక్కున టబ్బులో చెయ్యి ముంచి బొమ్మను పిడికిట్లో దాచుకున్నాడు. దాచినా చెప్పింది చెప్పినట్టే ఉంది, ఎర్రగుడ్డ కాడి తల్లిని పట్టే ఉపాయం వాళ్ల చేతికి వచ్చేసింది.

తలెత్తితే ఎదురుగా బిక్షం. తల్లి నిలదీసినప్పుడు కిందికి వాలిన ఆ కళ్లు ఇప్పుడు సూటిగా రఘుపతినే చూస్తున్నాయి. ఎన్నడూ లేని ఏవగింపు వాటిలో ఉంది.

"ఇంటికి పో తమ్మి," అన్నాడు బిక్షం. "నువ్వు ఇంక ఈ గట్టు ఎక్కకు."